పెళ్లిపందిట్లో అతిథి స్థానం ఎక్కడ?

పెళ్లి కుదిరిందనగానే ఇంట్లో కాగితం, కలం బయటికొస్తాయి. హాలుకెంత, డెకరేషన్‌కెంత, ప్లేటుకెంత, ఫొటోలకూ వీడియోకూ కలిపి ఎంత అని లెక్కలు మొదలవుతాయి. ఆ కాగితం మీద రాసిన పద్దుల్లో ముప్పాతిక మూడొంతులు పెళ్లి చూడ్డానికి ఎలా ఉండాలన్న దాని గురించే ఉంటాయి. వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చుంటారు, తాళి కట్టే వేళ వాళ్లకు పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కనిపిస్తారా, మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మ భోజనానికి వెళ్లాలంటే ఎన్ని మెట్లు ఎక్కాలి అనే సంగతులు ఏ పద్దులోనూ ఉండవు. పెళ్లి అందంగా, ముచ్చటగా జరగాలని కోరుకోవడంలో తప్పు లేదు. నేనూ ఆ పక్షమే. ఆ అందం ముందుగా చేసిన ఆలోచన వల్ల వస్తుందనీ, ఆలోచన అతిథి కూర్చునే కుర్చీ దగ్గర మొదలు కావాలనీ ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నాను. ఆ క్రమంలో వెళితే ఖర్చు ఎంత పెట్టాలో, ఎక్కడ పెట్టాలో దానంతటదే తేలుతుంది.

మన పాత పెళ్లిళ్లలో అలంకారం అనుకుంటున్న ప్రతిదానికీ ఒక పని ఉండేది. వైశాఖ మాసంలో, 40 డిగ్రీలు దాటే ఎండల్లో ఇంటిముందు తాటాకు పందిరి వేసేవారు. అది ముందు నీడ, తర్వాతే శోభ. ఆకుల సందుల్లోంచి గాలి ఆడుతుంది, కింద నీళ్లు చల్లితే నేల చల్లబడుతుంది. తెలంగాణ పల్లెల్లో పచ్చికొమ్మలు కప్పిన పందిరి చేసే పనీ అదే. వాకిట్లో గెలలతో నిలబెట్టిన అరటిచెట్లు, గుమ్మానికి కట్టిన మామిడాకుల తోరణాలు పొరుగూరి నుంచి వచ్చినవాళ్లకు పెళ్లి ఏ ఇంట్లోనో వీధి మొదట్లోనే చెప్పేసేవి. బండ్లలో పడి అలసిపోయి వచ్చిన మగపెళ్లివారికి ఎదురుకోలులో ముందుగా అందేది పానకం. పందిట్లో అడుగుపెట్టినవాళ్ల మీద పన్నీరు చిలకరించి చేతికి గంధం రాస్తే ఎండనపడి వచ్చిన ఒంటికి ప్రాణం లేచివచ్చేది. తిరిగి వెళ్లేటప్పుడు తాంబూలం, నిండుగా తిన్న భోజనం అరగడానికి. వీటిలో చాలావాటికి ఇప్పుడు రూపం మిగిలింది, పని పోయింది. గుమ్మానికి ప్లాస్టిక్ మామిడాకులు వేలాడుతుంటాయి, లోపల మంచినీళ్లు ఎక్కడ పెట్టారో అడిగితే చెప్పేవాళ్లుండరు. పాత తోరణాన్నే కట్టమని నేను అనడం లేదు. ఏ వస్తువు పెట్టినా అది ఎవరికి ఏ సుఖమిస్తుందో ఒక్కసారి అడగమంటున్నాను.

ఈ ప్రశ్న శుభలేఖ దగ్గరే పనికొస్తుంది. మన ముహూర్తాలు తరచు అర్ధరాత్రి దాటాక వస్తాయి. పంచాంగం ప్రకారం సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా ఒక రోజు. గడియారం ప్రకారం రాత్రి 12 కొట్టగానే తేదీ మారుతుంది. గురువారం రాత్రి 2 గంటల 14 నిమిషాలకు ముహూర్తమైతే పురోహితుడికి అది గురువారమే, రైలు టికెట్టు కొనేవాడికి మాత్రం శుక్రవారం. శుభలేఖలో వట్టి తేదీ, వట్టి వారం వేసి ఊరుకుంటే దూరం నుంచి వచ్చే చుట్టం ఒకరోజు ఆలస్యంగా దిగే ప్రమాదముంది. పూర్వపు శుభలేఖల్లో 'గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం' అని వేసేవారు. అక్షరాలు తక్కువే అయినా అవి ఎంతోమంది ప్రయాణాలను కాపాడేవి. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చే వీడియో ఆహ్వానాల్లో జంట ఫొటోలు నిమిషంసేపు కదులుతాయి, హాలు చిరునామా కళ్లు మూసి తెరిచేలోగా మాయమవుతుంది. చిరునామాతో పాటు ఏ గేటులోంచి రావాలి, కార్లు ఎక్కడ ఆపుకోవాలి, భోజనాలు ఎన్ని గంటలకు మొదలవుతాయి, దారి తప్పితే ఎవరికి ఫోను చేయాలి అన్నవీ వేస్తే ఆహ్వానం నిండుగా ఉంటుంది. ఆ ఫోను నంబరు పెళ్లికూతురు తండ్రిది కాకూడదు. ఆ పూట ఆయన ఫోను ఎత్తే స్థితిలో ఉండడు. దాన్ని బావమరిదికో, పెద్దకొడుక్కో అప్పగించాలి.

ఇక పెళ్లి పీటల దగ్గరికి వద్దాం. అడ్డుతెర పట్టుకుని, జీలకర్ర బెల్లం పెట్టించి, పురోహితుడు చెయ్యి ఊపితే గట్టిమేళం మోగుతుంది. సన్నాయి, డోలు ఒక్కసారిగా ఎత్తుకుంటాయి, అందరూ అక్షతలతో లేస్తారు. సరిగ్గా ఆ క్షణాన హాల్లో కూర్చున్న ఆరు వందల మందికి కనిపించేవి ఫొటోగ్రాఫర్ల వీపులు. ఒకరు మోకాళ్ల మీద, ఇద్దరు నిలబడి, ఒకరు కుర్చీ ఎక్కి, వెనక దీపం పట్టుకున్న కుర్రాడు, వీళ్లంతా మండపానికి గోడ కడతారు. వధూవరులు ఏ వైపున ఉన్నారో తెలియక జనం అక్షతలను ఆ వీపుల మీదే వేసి కూర్చుంటారు. పక్కన పెద్ద తెర పెట్టాం కదా అంటారు. వంద మైళ్లు ప్రయాణం చేసి వచ్చిన మేనత్త తెర మీద చూడాలనుకుంటే ఇంట్లోనే కూర్చుని ఫోనులో చూసేది. దీనికి పరిష్కారం కష్టమేమీ కాదు. మండపాన్ని మూడువైపులా తెరిచి, స్తంభాలు సన్నగా పెట్టమనాలి. కెమెరాలకు ఒక పక్క చోటు గీసి, తాళి కట్టడం నుంచి తలంబ్రాల దాకా ముందు వైపుకు రావద్దని ముందురోజే మాట తీసుకోవాలి. దూరం నుంచి తీసే లెన్సులు ప్రతి మంచి ఫొటోగ్రాఫర్ దగ్గరా ఉంటాయి. అక్షతలు చిన్న ఆకుదొన్నెల్లో ముందే కుర్చీల వరసలకు పంచితే చివరి నిమిషంలో తోపులాట ఉండదు.

కనిపించడంతో పాటు అర్థం కావడం కూడా ముఖ్యం. సంఘసంస్కర్త త్రిపురనేని రామస్వామి చౌదరి 'వివాహవిధి' పేరుతో పెళ్లితంతును తెలుగులో రాయడం వెనక, చేసుకునేవాళ్లకు తాము చేస్తున్న ప్రమాణం తెలియాలన్న పట్టుదల ఉంది. ఆయన మార్గం అందరికీ నచ్చకపోవచ్చు. సంస్కృత మంత్రాలతోనే చేసుకునేవాళ్లు కూడా, ఇది కన్యాదానం, ఇప్పుడు వేసేది సప్తపదిలో మొదటి అడుగు, దాని భావం ఇది అని పురోహితుడి చేతనే రెండేసి వాక్యాల్లో చెప్పిస్తే హాలంతా పెళ్లిలోకి వస్తుంది. హిందూ వివాహ చట్టం సప్తపది ఉన్న పెళ్లి ఏడో అడుగుతో పూర్తవుతుందని 1955లోనే చెప్పింది. పెళ్లంటే ఆటపాటలకూ విందులకూ వేసే వేదిక కాదనీ, అదొక గంభీరమైన సంస్కారమనీ సుప్రీంకోర్టు 2024లో ఒక తీర్పులో గుర్తు చేయాల్సి వచ్చింది. ఆ ఏడో అడుగు పడేవేళకు మన హాళ్లలో సగం కుర్చీలు ఖాళీ అయి, జనం భోజనాల దగ్గర ఉంటున్నారంటే వాళ్ల భక్తిశ్రద్ధలను తప్పుపట్టే ముందు, వాళ్లకు కనిపించేదీ వినిపించేదీ ఏమిటో చూడాలి.

రిసెప్షన్‌లో ఇంకో చిక్కు. 800 మంది వస్తారనుకుందాం. నలుగురేసి కలిసి స్టేజి ఎక్కినా 200 గుంపులు. ఎక్కడం, పలకరించడం, కవరు ఇవ్వడం, ఫొటో దిగడం, దిగిపోవడం, ఒక్కో గుంపుకు ఒక్క నిమిషమనుకున్నా 200 నిమిషాలు. అంటే మూడు గంటల 20 నిమిషాలు కొత్త జంట నిలబడే ఉండాలి, వచ్చినవాళ్లు వరసలో నిలబడాలి. ముఖాన నవ్వు ఎంతసేపని నిలుస్తుంది? జంటే కిందికి దిగి బల్లల మధ్య తిరిగితే సమయం అంతే పట్టవచ్చు గాని అతిథి కూర్చునే ఉంటాడు, మాట్లాడటానికి ఒక వాక్యం దొరుకుతుంది. పెద్దవాళ్ల దగ్గరికి పిల్లలే వెళ్లి నమస్కరించడం మన పద్ధతికి కూడా దగ్గర.

భోజనం సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే పెళ్లి బాగా జరిగిందా లేదా అన్నది మనవాళ్లు అక్కడే తేలుస్తారు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. మనకు దగ్గరి లెక్క బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం 2012 ప్రాంతంలో చేసింది. ఆ నగరంలోని కల్యాణ మండపాల్లో 75 పరిశీలించి, ఒక్క పెళ్లిళ్లలోనే ఏడాదికి 943 టన్నుల మంచి భోజనం చెత్తపాలవుతోందని తేల్చారు. దీనికి కారణం జనం దురాశ అనుకోవడం తొందరపాటు. బఫేలో 40 రకాలు వరసగా పెట్టి, ఒకసారి వరస దాటితే మళ్లీ వెనక్కి వచ్చి నిలబడాలంటే, ఎవరైనా అన్నీ ఒకేసారి వేసుకుంటారు. పాయసం పక్కన చేపల పులుసు, దాని మీద జిలేబీ. ఒక చేత్తో ప్లేటు, ఇంకో చేత్తో చెంచా, చంకలో పసిపిల్ల, పట్టుచీర కుచ్చిళ్లు కింద ఈడుస్తుంటే ఆ తల్లి ఏం తింటుంది? తినలేక వదిలేస్తుంది. ఏర్పాటు అలా ఉంది కాబట్టి అలా జరుగుతోంది.

పంక్తి భోజనంలో దీనికి ఉపాయం లోపలే ఉంది. ఆకు మీద పప్పు, కూర, పచ్చడి, పులిహోర, బూరె కొంచెం కొంచెంగా వడ్డించి, ఎవరికి ఏది నచ్చిందో కనిపెట్టి మళ్లీ వస్తారు. కందా బచ్చలి కూర ఖాళీ అయిన ఆకు దగ్గర ఆగి 'ఇంకొంచెం వేయమంటారా' అని అడిగేవాడికి, ముట్టుకోని గారెను చూసి ఇంకోటి వేయకుండా దాటిపోవడం కూడా తెలుసు. తెలంగాణలో బగారా అన్నం, మటన్ వడ్డించే విందుల్లోనూ బకెట్టు పట్టుకుని వరస వెంట వచ్చే చుట్టాల కుర్రాళ్లు చేసేది ఇదే. కొసరి వడ్డించడమంటే బలవంతాన కుమ్మరించడం కాకుండా ఉండాలి, అంతే. వంటకాల సంఖ్య 40 నుంచి 15కు తగ్గించి, ఆ మిగిలిన డబ్బును వడ్డించే మనుషుల మీద పెట్టండి. ఎనిమిది వందల మందికి పంక్తి సాధ్యమా అని అడగవచ్చు. రెండు వందల మంది పట్టే హాల్లో బంతికి 40 నిమిషాల చొప్పున నాలుగు బంతులంటే మూడు గంటల లోపే అయిపోతుంది. అదీ వద్దనుకుంటే పెద్దలకూ, పసిపిల్లల తల్లులకూ, గర్భిణులకూ ఒక బంతి వేసి, తక్కినవాళ్లకు బఫే ఉంచవచ్చు. రాత్రి ముహూర్తమైతే మధుమేహానికి మందులు వేసుకునేవాళ్లకు 8 గంటలకల్లా భోజనం దొరికేలా చూడాలి. మిగిలిన ఆహారం గురించి కూడా అప్పుడే అనుకోవాలి. వండిన పదార్థాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచకూడదని, వేడిది 60 డిగ్రీలకు పైన ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అర్ధరాత్రి దాటాక అనాథాశ్రమానికి ఫోను చేస్తే అందేది పుణ్యం కాదు, జబ్బు. మిగులు ఆహారం పంచడానికి దేశంలో 2019 నుంచి నిబంధనలున్నాయి, పంచే సంస్థలూ ఉన్నాయి. వాళ్లతో వారం ముందే మాట్లాడి, తాకని గిన్నెలు ఎన్ని గంటలకు ఎత్తాలో వంటవాళ్లతో చెప్పుకుంటే ఆ అన్నం మర్యాదగా ఇంకొకరికి చేరుతుంది.

పూల అలంకరణలో తెలుగువాళ్లకు ఉన్నంత సంపద తక్కువమందికి ఉంటుంది. గోదావరి పక్కన కడియం నర్సరీలు, పూల తోటలు ఉన్నాయి. హైదరాబాదులో గుడిమల్కాపూర్ మార్కెట్టుకు తెల్లవారుజామునే లారీలు దిగుతాయి. ఏ పువ్వు ఏ వేళకు అన్నది కూడా ఆలోచించదగ్గదే. మల్లెమొగ్గ పొద్దున కోసింది సాయంత్రానికి విచ్చుకుంటుంది, కాబట్టి వేసవిలో రాత్రి పెళ్లికి మల్లెను మించింది లేదు. చలికాలపు పగటి పెళ్లికి చేమంతి, బంతి. కనకాంబరానికి వాసన ఉండదు గాని రంగు రోజంతా నిలుస్తుంది, మధ్యమధ్య మరువం కడితే పరిమళం అదే ఇస్తుంది. ఇవన్నీ వదిలి, దూరదేశాల పూలను పచ్చటి స్పాంజి ఇటుకల్లో గుచ్చి గోడలు కడుతున్నారు. ఆ ఇటుకలు ఫినాల్ ఫార్మాల్డిహైడ్ ప్లాస్టిక్. పెళ్లయిన మర్నాడు పొడిపొడి అయి మట్టిలో కలిసినట్టు కనిపిస్తాయి గాని కుళ్లవు. 2022 జూలై 1 నుంచి దేశంలో నిషేధించిన ఒకసారి వాడే ప్లాస్టిక్ వస్తువుల జాబితా చూస్తే అది పెళ్లి సామాన్ల పట్టీలా ఉంటుంది: అలంకరణ థర్మోకోల్, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, చివరికి స్వీటు డబ్బాల మీదా శుభలేఖల మీదా చుట్టే పలచటి ప్లాస్టిక్ పొర కూడా. అరటాకు, విస్తరాకు, దొన్నె ఉన్న మనకు ఈ నిషేధం కొత్త భారమేమీ కాదు.

శబ్దం గురించి రెండు మాటలు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగించరాదని 2000 సంవత్సరపు నియమాలు చెబుతాయి. నాలుగు గోడల హాలుకు ఆ గడియారం లేకపోయినా చెవులు అవే. 100 డెసిబెల్స్ దగ్గర పావుగంట గడిస్తే చెవికి రోజంతటి మోతాదు అయిపోతుందని శ్రవణ నిపుణులు లెక్క కట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత వేదికలకు పెట్టిన గరిష్ఠ పరిమితీ అదే. పెళ్లిళ్లలో నిద్రపోతున్న పసివాళ్లు ఉంటారు, వినికిడి యంత్రాలు పెట్టుకున్న తాతలు ఉంటారు. ఏళ్ల తరబడి కలవని అక్కచెల్లెళ్లు మాట్లాడుకోవడానికే వస్తారు. డీజే కావాలంటే ఉండనివ్వండి, స్పీకర్లు భోజనాల వైపు తిప్పకండి, పాట లేని మూల ఒకటి ఉంచండి.

అతిథి దగ్గర మొదలుపెట్టాలన్న ఈ మాటకు వచ్చే అభ్యంతరాల్లో కొన్ని బలమైనవే. పాతకాలపు పెళ్లి అంటూ మురిసిపోతున్నారు గాని, ఆ పంక్తుల్లో కులాల వారీగా ఆకులు వేసేవారు, ఆడవాళ్లు ఆఖరి బంతిలో చల్లారిన అన్నం తినేవారు, విడిదింట్లో కాఫీ ఆలస్యమైందని మగపెళ్లివారు అలిగితే ఆడపిల్ల తండ్రి కాళ్లావేళ్లా పడేవాడు అని ఎవరైనా అంటే అది నిజం. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చిందీ ఆ పెళ్లిళ్ల వెనక ఉన్న బాధ వల్లే. అందుకే నేను ఆ పెళ్లిళ్లను తిరిగి తెమ్మనడం లేదు. అప్పటి మర్యాద కొద్దిమందికి దక్కింది, అదే దాని లోపం. పానకం మగపెళ్లివారికే గాక, సామాను మోసుకొచ్చిన కూలీకి కూడా అందితే ఆ లోపం తీరుతుంది. రెండో అభ్యంతరం, నలుగురిలో తక్కువైపోతామన్నది. ఈ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం, అప్పులు చేయించేది అదే. కానీ ఆ నలుగురూ ఇంటికి వెళ్లాక ఏం చెప్పుకుంటారో వినండి. పనసపొట్టు కూర ఎలా కుదిరిందో, ఎంతసేపు నిలబడాల్సి వచ్చిందో, ఎవరు ఆప్యాయంగా పలకరించారో చెప్పుకుంటారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహాన్ని ఈనాటికీ మనం తలచుకునేది పందిరి వైభవానికి కాదు. మూడోది, జీవితంలో ఒక్కసారి జరిగేది కదా, ఫొటోలైనా మిగలాలి అన్నది. మిగలాలి, తప్పకుండా. అక్షతలు వేస్తున్న అమ్మమ్మ ముఖం ఆ ఫొటోలో ఉండాలంటే ఆమె ముందు వరసలో కూర్చుని ఉండాలి, ఆమెకూ మండపానికీ మధ్య ఎవరూ నిలబడి ఉండకూడదు.

ఆలోచన అతిథుల దగ్గర ఆగిపోకూడదు. సన్నాయి మేళం వాళ్లు తెల్లవారుజాము నుంచి ఊదుతూనే ఉంటారు. వీడియో తీసే కుర్రాళ్లు, కార్ల డ్రైవర్లు, పాత్రలు తోమే ఆడవాళ్లు, మరుగుదొడ్లు కడిగే మనిషి, వీళ్లందరి భోజనం ఎన్నింటికి, ఎక్కడ అన్నది కేటరింగ్ వాళ్లతో మాట్లాడేటప్పుడే తలల లెక్కలో చేర్చాలి. చివర్లో అడుగున మిగిలింది పెట్టడం కాకుండా, ముహూర్తానికి ముందు ఒక బంతి వాళ్ల కోసం వేయించాలి. మాఘమాసపు ముహూర్తాలకు ఇప్పటినుంచే హాళ్లు చూస్తున్నవాళ్లు స్టేజి ఎంత పెద్దదని అడిగే ముందు ఒకసారి మధ్యాహ్నం పూట వెళ్లి, వెనక వరస కుర్చీలో కూర్చోండి. అక్కడి నుంచి మండపం కనిపిస్తుందా, గాలి ఆడుతుందా చూడండి. తర్వాత భోజనాల హాలుకు నడిచి మెట్లు లెక్కపెట్టండి, లిఫ్ట్ ఉంటే కరెంటు పోయినప్పుడు జనరేటరు మీద నడుస్తుందా అని అడగండి. ఆడవాళ్ల గదికి లోపలి నుంచి గడియ ఉందా, పసిపిల్లకు పాలిచ్చే తల్లి కూర్చోవడానికి చోటుందా చూడండి. హాలు యజమాని వీటికి జవాబు చెప్పగలిగితే, అడ్వాన్సు ఇవ్వవచ్చు.